రెండక్షరాలు

ఆదోని కోర్టు గేటుకు ఎడమపక్క
జిరాక్సు అంగడికీ టీ బండికీ నడాన
ఇరవై ఆరేండ్లుగా నాదొక టైపుమిషను.

పోయినేడు ఉగాది ముందర
పత్తి యార్డు కమీషన్ అంగడాయన చెక్కు కేసు కొట్టినా.
"రెండు పేజీల్లో ముగించప్పా,
మూడో పేజీకి దుడ్లియ్యను" అన్నాడు.
నిందితుడు దూదేకుల చిన్న దస్తగిరి, తండ్రి మౌలా.
మార్జిన్ దగ్గర గంట మోగింది.
చిన్న తీసేస్తే
పేరు ఒక్క లైనులో పట్టింది.

మా తట్టు ఉరుసులో నిలబడి
దస్తగిరీ అని ఒక కేకేస్తే
నలభై తలకాయలు తిరుగుతాయి.
తెలిసే తీసేసినా.

సమన్లు పోయినాయి, తిరిగొచ్చినాయి.
బెయిలు లేని వారంటు పుట్టింది.
అది అడుక్కుంటా అడుక్కుంటా
కోట కింద పరుపులు కుట్టే దస్తగిరి వాకిట్లో ఆగింది,
ఆయప్ప ఇంకా పండ్లు తోముకోకముందే.
"నాకు చెక్కు పుస్తకమే ల్యా సార్."
"అందరూ అనేది అదే. ఎక్కు."
ఆధార్ కార్డు చూసినారు. పేరు కలిసింది,
తండ్రి పేరు కలిసింది.
ఇంటి నంబరు కలవలేదు,
అంతదాకా ఎవరూ చదవలేదు.

ఆ పొద్దు మా కోర్టుకు సెలవు.
ఇన్‌చార్జి జడ్జి ముందర నిలబెట్టి
నీ పేరేమని అడిగితే
దస్తగిరి అన్నాడు.
వేరే పేరు చెప్పే తెలివి లేకపాయె.

పదకొండు దినాలు సబ్ జైలు.

ఐదో దినం ఆయప్ప పెండ్లాం ఖాసింబీ
రేషన్ కార్డు కొంగులో చుట్టుకొని
వకీలు ఉరుకుందమ్మ వెంట నా దగ్గరికొచ్చింది.
పిటిషను కొడతా కొడతా
కేసు నంబరు దగ్గర నా వేళ్లు గుర్తుపట్టినాయి.
నోరు మాట్లాడలేదు.
యాభై రూపాయలిచ్చింది. తీసుకున్యా.
తీసుకోకుంటే ఎందుకని అడుగుతాదని.

పదకొండో దినం కమీషన్ అంగడాయన
బోనులోకి తేరిపార చూసి
"ఈయన కాదు సార్,
మావానికి ముందర పన్ను బంగారుది" అన్నాడు.
ఆర్డరులో ఒక చోట
పొరపాటు అని రాసినారు.
ఆ మాటా లైను చివరనే పడింది.

ఉరుకుందమ్మ టీ బండి కాడ నిలబడి చెప్పింది:
"పైకోర్టులో రిట్ ఉండాది,
బతికే హక్కు తీసినారని అడగొచ్చు.
ఈడనే నష్టపరిహారం దావా ఉండాది.
ముందర సర్కారుకు నోటీసు, రెండు నెలలు ఆగాల.
ఏడాది దాటనిస్తే మాత్రం చెల్లదు."
దస్తగిరి అంతా విని
"అవన్నీ నాకేల తల్లీ,
నేను వాణ్ని కాదని ముద్రేసిన కాగితం ఒకటియ్యి" అన్నాడు.
ఇప్పుడది ప్లాస్టిక్ కవర్లో
చొక్కా జేబులో ఉంటాది.
దూది ఏకేటప్పుడూ తీయడు.
చెమటకు కవరు లోపల ఆవిరి పడతాది.

దావాకు ఒప్పించింది ఖాసింబీ.

ఈ పొద్దు ఆ దావా నా మిషను మీద.
వకీలమ్మ చెప్తాంది, నేను కొడతాన్యా.
జరిగిన నష్టం: పదకొండు దినాల కూలి.
సగం నింపిన కౌతాళం పెండ్లోళ్ల పరుపు, వానకు తడిసి,
బయానా వాపసు.
"ఇంకేమన్నా ఉందా?"
దస్తగిరి రొంత సేపు గోడ పక్క చూసినాడు.
"బడిలో మా పాపను అడిగినారంట,
మీ నాయన ఏం చేసినాడని.
దూది ఏకుతాడని చెప్పిందంట."
వకీలమ్మ దాన్ని ఏ కాలంలో వేయాల్నో తెలీక
కండ్లద్దాలు తుడుచుకుంది.

ప్రతివాదులు:
ఒకటి సర్కారు. రెండు ఎస్పీ.
మూడు వారంటు తెచ్చిన ఎస్సై.
"అంతే, కింద సంతకానికి జాగా వదులు" అని
ఆమె టీకి పోయింది.

నాలుగు అని కొట్టినా.
చుక్క పెట్టినా.
పరుపులాయన జేబు తడుముకుంటా నా ఎదురుగానే కూర్చున్యాడు.
హత్తిబెళగల్లు గురుపాదప్ప,
తండ్రి పెద్ద బసప్ప.
ఊరూ పేరూ పెద్ద అనే మాటా అన్నీ కలిపితే
లైను దాటుతాది.

గంట మోగింది.

దాటనీ.